దొరగారి టోపీలో తాంబూలం

నేను ఒక పొడుగు టోపీని. లండన్‌లో ఒక ముసలి పనివాడు గుడ్డకు లక్క పట్టించి, గట్టిపరచి, పైన నల్లపట్టు అతికి నన్ను నిలబెట్టాడు. ఆ లక్క మీ దేశం నుంచి ఓడెక్కి వచ్చిందే. కాబట్టి పైకి దొరనైనా లోపల సగం మీవాణ్ణే.

నన్ను కొన్నది థార్న్‌బీ ప్రభువు పెద్దకొడుకు. ఇరవైనాలుగేళ్లకే పార్లమెంటు సభ్యుడయ్యాడు. తండ్రి భూములు చేసుకునే రైతులు ఇంకెవరికి ఓటేస్తారు? ఆ సభలో పొద్దున్నే వచ్చి బల్ల మీద టోపీ పెడితే ఆ చోటు మనదే. ఆయన నన్నక్కడ పెట్టి, ఇంకో టోపీ పెట్టుకుని ఫలహారానికి పోయేవాడు. అందుకని ఆయన కంటే నేనే ఎక్కువ ఉపన్యాసాలు విన్నాను.

తండ్రి పోయాక బిరుదు వచ్చింది, ప్రభువుల సభ వచ్చింది, చిన్న మంత్రి పదవి వచ్చింది. ఏదీ ఆయన అడగలేదు. వానచినుకుల్లా అవే పడ్డాయి. యాభయ్యో ఏట మద్రాసుకు గవర్నరుగా పంపారు. ఎండకు బెండు టోపీ మేలని ఎందరు చెప్పినా, సభలకు మాత్రం నేనే ఉండాలనేవాడు.

ఒక ఆషాఢంలో గోదావరి కాలువ మీద పడవలో బయలుదేరాం. ఒక రేవులో పందిరి వేసి జనం కానుకలు తెచ్చారు. లంచమన్న మాట రాకుండా దానికో పద్ధతి ఉంది. గవర్నరు కానుకను వేలితో తాకుతాడు, తెచ్చినవాడు దాన్ని వెనక్కి తీసుకుపోతాడు. అదే గౌరవం. జమీందార్లంతా అలాగే చేశారు.

చివర పేరంటాలు అనే రైతు వచ్చింది. కాలువ కొసన ఉన్న ఊరు వాళ్లది. పై తూము మూసేశారు, నారుమళ్లు ఎర్రబడ్డాయి. నాలుగు రోజుల్లో నీళ్లు రాకపోతే ఆ ఏడు ఊడ్పులే లేవు. పళ్లెంలో ఆకులు, వక్కలు, నిమ్మకాయ, వాటి మీద అర్జీ. ప్రభువు చిరునవ్వుతో పళ్లేన్ని తాకాడు. దుబాసీ కోదండరామ నాయుడు తీసుకుపొమ్మని సైగ చేశాడు.

ఆమె కదల్లేదు. "ఇదేటండీ నాయుడుగారూ! తాంబూలం తిప్పి పంపేత్తే సంబంధం వద్దన్నట్టే గదా?"

"వద్దనడం కాదమ్మా. పుచ్చుకున్నట్టే."

"పుచ్చుకుంటే కాయితం నా చేతిలో ఎందుకుందండీ?"

పందిరంతా గొల్లున నవ్వింది. ఏమంటోందని ప్రభువు అడిగాడు. తమరికి దీర్ఘాయువు కోరుతోందన్నాడు నాయుడు.

"అంత కోపంగానా?"

నాయుడు నీళ్లు నమిలి, ఉన్నది చెప్పాడు. ప్రభువు తన చేతుల వంక చూసుకున్నాడు. పుచ్చుకోకూడదన్నది చేతుల గురించే. టోపీ గురించి ఎక్కడా రాసి లేదు. నన్ను తీసి తిరగేసి ఆమె ముందు పట్టాడు.

"ఆయ్, ఇదీ వరస!" అంటూ పేరంటాలు పళ్లెమంతా నాలో గుమ్మరించింది. నిమ్మకాయ నా అడుగున ఠపీమంది.

నాయుడు అర్జీని చదివి వినిపించాడు. సగంలో గొంతు తగ్గింది. తూము మూసింది గవర్నరుగారి పడవ ఇసుకలో దిగబడకుండా నీళ్లు నిలబెట్టడానికట!

ప్రభువు బట్టతల ఎండకో సిగ్గుకో ఎర్రబడింది. "తూము ఎత్తండి. ఇప్పుడే."

"మరి తమరి ప్రయాణం?" అన్నాడు నాయుడు.

జవాబు పేరంటాలే చెప్పింది. "మా బండుందిగా! గడ్డి మెత్తగా పరిపిత్తాను. దొరగారు కుదుపులకి ఓర్చుకుంటారో లేదో మరి."

మధ్యాహ్నానికి పడవ ఇసుకలో కూర్చుంది. మేము బండెక్కాం. దారి పక్క పిల్లకాలువలో ఎర్రనీళ్లు మాకంటే ముందు పరుగెత్తాయి. నోట్లో ఆకు వక్క పెట్టుకుని, ఉమ్మాలో మింగాలో తెలియక ప్రభువు పది మైళ్లూ బుగ్గ ఉబ్బించుకునే కూర్చున్నాడు.

తర్వాత పెద్ద మంత్రి అయ్యాడు, పతకాలు పొందాడు, తన కథ రెండు సంపుటాలు రాసుకున్నాడు. అందులో ఆ బండి లేదు.

ఇప్పుడు నేను ఆయన ఊళ్లో, ప్రదర్శనశాలలో, గాజుపెట్టెలో ఉన్నాను. ముందు చీటీ పెట్టారు: 'ఇండియాలో ఎవరి కానుకా చేత్తో పుచ్చుకోని నిజాయితీపరుడు.'

అక్షరాలా నిజం. చేత్తో పుచ్చుకోలేదు.