నవ్వుల క్యాసెట్టు

జనం మెచ్చుకుంటున్నప్పుడే ఆపేయడం గొప్పవాళ్ళ లక్షణమని మొన్న రాజమండ్రిలో నాకు శాలువా కప్పారు. సిగ్గు లేకుండా కప్పించుకున్నాను.

2002లో మా ఊరి కేబుల్ ఛానల్లో ప్రతి ఆదివారం సాయంత్రం 'ఆయన పేరేంటండీ?' అనే కార్యక్రమం నడిపేవాణ్ణి. ఆడవాళ్ళు ఫోన్ చేసి మొగుడి పేరు చెబితే స్టీలు డబ్బా బహుమతి. మా వైపు పెద్ద వయసు ఇల్లాళ్ళు భర్త పేరు పలకరు. వాళ్ళు మెలికలు తిరుగుతుంటే నేను ఆటపట్టించేవాణ్ణి. పేరు బయటికి రాగానే టేప్‌రికార్డర్లో నవ్వుల క్యాసెట్టు నొక్కేవాణ్ణి. ఆ అరగంట వీధుల్లో జనం ఉండేవారు కాదు. నా పొగరుకి అంతుండేది కాదు.

ఒక ఆదివారం ధవళేశ్వరం నుంచి అచ్చాయమ్మ అనే ఆవిడ ఫోన్ చేసింది.

"చెబుదామనే చేశానండీ. నోరు రావట్లేదండీ."

"ఆయన పక్కనే ఉన్నారేంటండీ, అంత భయం?"

"లేరండీ."

"అయితే ఇంకేం! కానివ్వండి."

చివరికి, "ముసలయ్యండీ" అంది.

"ముసలయ్యా! పెళ్ళినాటికైనా కుర్రాడేనాండీ?" అని క్యాసెట్టు నొక్కాను.

ఆ నవ్వుల హోరులో ఆవిడ ఇంకో మాట అంది. ఫోను చెవికి ఆనించుకున్న నాకొక్కడికే వినపడింది. "ఆయన పోయి మూడు నెలలైందండీ. ఒక్కసారైనా పేరు పెట్టి పిలవమని ఎంత బతిమాలేవారో."

నా వేలు బటన్ మీదే ఉంది. ఆపలేదు. ఆపితే ప్రోగ్రాం పాడవుతుందనుకున్నాను. అదీ నా బుద్ధి.

మర్నాడు ఊరంతా అదే ముచ్చట. కడుపు చెక్కలయ్యేలా నవ్వామన్నారు. మళ్ళీ ఆదివారం మొదటి ఫోను ఎత్తి, ఏమీ అడక్కుండానే పెట్టేశాను. ఆ రోజుతో మానేశాను. ఛానల్ యజమాని పల్లంరాజుగారు కారణమడిగితే, "బాగున్నప్పుడే ఆపెయ్యాలండీ" అని తప్పించుకున్నాను. ఆ ఒక్క అబద్ధం నాకు తెచ్చినంత పేరు కార్యక్రమం కూడా తేలేదు.

క్షమాపణ చెబుదామని స్టీలు డబ్బా పట్టుకుని ధవళేశ్వరం వెళ్ళాను. అచ్చాయమ్మగారు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడే అడిగారు.

"బాబూ, ఆ రోజు ప్రోగ్రాం టేపుంటే ఓసారి వినిపిస్తారాండీ? కంగార్లో ఆయన పేరు ఎలా అన్నానో నాకే గుర్తులేదండీ. మళ్ళీ అందామంటే నోరు రావట్లేదు."

ఆవిడ పేరు పలకడం, వెంటనే నా వెటకారం, ఆ పైన నవ్వులు, అన్నీ ఆ టేపులో ఉన్నాయి. ఎలా వినిపించను?

"చెరిపేశామండీ" అన్నాను.

"పోన్లెండి బాబూ. మీ పుణ్యమా అని ఒక్కసారన్నా అన్నాను" అని ఆవిడ నాకు చేతులు జోడించారు. తెచ్చిన క్షమాపణ తెచ్చినట్టే వెనక్కి పట్టుకొచ్చాను.

ఆ టేపు ఇప్పటికీ మా బీరువాలోనే ఉంది. మొన్నటి శాలువా కూడా దాని మీదే పెట్టాను.