అడుగున మిగిలిన 'వద్దు'

తన కుర్చీ తుడవడం అయ్యాక, అదే తడిగుడ్డ మడత తిరగేసి రెండో కుర్చీ తుడిచాడు. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. పాత వైర్ల చుట్టలు దానిమీద ఉండేవి, ఇవాళ వాటిని మూలకు నెట్టాడు.

ఆఫీసంతా అతన్ని వెనకాల 'కుదరదు' అని పిలుస్తుంది. ఏ గది తలుపు ఎవరి కార్డుకు తెరుచుకోవాలో కంప్యూటర్లో రాసేది అతనే. ఎవరొచ్చి ఏమడిగినా ముందుగా అతని నోట్లోంచి ఊడిపడేది ఆ మాటే. కిటికీ లేని గదిలో కూర్చుని కూర్చుని చర్మం వెలిసిపోయింది. కాలరు గుండీ ఊడి చాలాకాలమైంది, కుట్టేవాళ్ళు లేరు. గడ్డం కింద గియ్యడం మరిచిపోయిన తెల్ల వెంట్రుకలు నాలుగు ఎప్పుడూ ఉంటాయి.

స్టోర్సులో పనిచేసే అతని అన్నకు ఇవాళే ఆఖరి రోజు. మానేసి వెళ్ళేవాళ్ళెవరైనా కార్డు తెచ్చి 'కుదరదు' చేతిలో పెట్టి వెళ్ళాలి. అన్న ఆ పని కుర్రాళ్ళకు అప్పగించకుండా తనే వస్తానన్నాడని నిన్న వదిన ఫోన్ చేసి చెప్పింది. "మాట్లాడదామనే వస్తున్నాడు. ఈసారైనా ముఖం ముడుచుకోకు," అంది.  అందుకే ఇవాళ పొద్దున్నే వచ్చి ఆ రెండో కుర్చీ తుడిచాడు.

బయటి పెట్టెకు కార్డు చూపించి, తలుపు తోసుకుని కొత్త మేనేజరమ్మ వచ్చింది. తలుపుల నియమాలన్నిటినీ కొత్త పద్ధతిలోకి మార్చే ప్రోగ్రామొకటి కొన్నారు. నల్లటి తెరమీద ఒక్క ఆజ్ఞ టైపు చేస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. అతను ఏదో చెప్పబోయాడు.

"కుదరదని మాత్రం అనకండి," అందామె. "ఉన్నది ఉన్నట్టు మార్చండి, సొంత తెలివి వద్దు. ఇది అయిపోతే ఈ గదికి అసలు మనిషే అక్కర్లేదు."

అతను కుర్చీని తెరవైపు తిప్పుకున్నాడు. చెప్పబోయిన హెచ్చరిక ఇక చెప్పదలుచుకోలేదు. ఈ ఆఫీసులో రాసిన నియమాన్ని చెరిపే అలవాటు లేదు. ఎవరిమీదైనా కోపమొస్తే 'ఇతన్ని రానివ్వొద్దు' అని ఒక వరస రాయించేవారు. రాజీ పడ్డాక దాన్ని తీసెయ్యకుండా, దానిపైన 'రానివ్వండి' అని ఇంకో వరస పెట్టించేవారు. పాత పద్ధతిలో పైనున్న మాటే చెల్లేది. కొత్తదానిలో 'వద్దు' ఎంత అడుగున ఉన్నా వద్దే. ఇంతకాలం చల్లారిన తగాదాలన్నీ ఒక్కసారిగా లేచి కూర్చుంటాయి. కూర్చోనీ, తిక్క కుదురుతుంది అనుకున్నాడు.

ఆజ్ఞ కొట్టాడు. ఒకదానికొకటి అడ్డంపడే నియమాలున్నాయి, చూపించాలా, కొనసాగించాలా అని ప్రోగ్రాం అడిగింది. కొనసాగించమన్నాడు. చాన్నాళ్ళకు అతని పెదవులు నవ్వులాగా ఒక పక్కకు జరిగాయి.

కాసేపటికే కారిడార్లు నిండిపోయాయి. లెక్కల విభాగం మొత్తం బయటే నిలబడింది. ఇద్దరు ఇంజనీర్లు ల్యాబు గుమ్మం ముందు, ఎప్పుడో మరిచిపోయిన గొడవ గుర్తొచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. మేనేజరమ్మ అతన్ని తన గదికి పిలిపించి గుక్కతిప్పుకోకుండా తిట్టింది. అతను చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో మాటా పాయసంలా తాగాడు. "ఉన్నది ఉన్నట్టు మార్చమన్నారు, మార్చాను," అన్నాడు. ఆమె ముఖం చూస్తుంటే కడుపు నిండింది. ఇంకాసేపు తిట్టినా నిలబడేవాడే.

తిరిగొస్తుంటే కారిడార్ మొదట్లో సెక్యూరిటీ మనిషి ఎదురయ్యాడు.

"మీ అన్నగారొచ్చారండి. కార్డు పెడితే ఎర్రలైటు వెలిగింది. మళ్ళీ మళ్ళీ పెట్టారు. 'వీడింకా తీసెయ్యలేదన్నమాట' అని వెళ్ళిపోయారు."

అప్పుడు గుర్తొచ్చింది. తన భార్య వదిలేసి వెళ్ళిన కొత్తల్లో, క్యాంటీన్లో నలుగురి మధ్యా అన్న నవ్వుతూ అన్నాడు, "వీడు పడగ్గది గుమ్మంలో కూడా కార్డు అడిగుంటాడు," అని. అతను తినే కంచం వదిలేసి గదికొచ్చి, అన్న పేరుమీద ఈ తలుపుకు 'వద్దు' రాశాడు. స్టోర్సు వాళ్ళు రాకపోతే సామాను ఎలాగని పాత మేనేజరు దానిపైన 'రానివ్వండి' పెట్టించాడు. అయినా 'వద్దు' సంగతి విన్న అన్న ఎప్పుడూ రాలేదు, కుర్రాళ్ళనే పంపేవాడు. ఆ వరసను ఇతనూ చెరపలేదు. చెరపడానికి ఎంతసేపు పడుతుంది? మనసు రాలేదు, అంతే.

గేటు దాకా పరుగెత్తాడు. అన్న ఎక్కిన స్టోర్సు వ్యాను వెళ్ళిపోయింది. వదినకు ఫోన్ చేశాడు. కొత్త మిషను చేసిన పని వదినా, నేను కావాలని ఆపలేదు అని రొప్పుతూ చెప్పాడు.

"మిషను మార్చింది సరే," అంది వదిన. "ఆ మాట రాసిందెవరు?"

  "ఆయన ఇప్పుడే ఫోన్ చేశాడు, నీతో ఇక మాట్లాడనంటున్నాడు. మళ్ళీ చెయ్యకు," అని వదిన ఫోన్ పెట్టేసింది.

మెల్లగా నడుచుకుంటూ తన గది దగ్గరికొచ్చాడు. గాజు తలుపులోంచి తుడిచిన కుర్చీ కనిపిస్తోంది. బయట, కార్డులు చదివే పెట్టె అంచుమీద అన్న తన కార్డు నిలబెట్టి వెళ్ళాడు. ఫోటోలో జుట్టింకా నల్లగానే ఉంది, ఆ కార్డును మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ పెట్టె ఎర్రగా వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది.