పేజరు వాపసు

ఇడ్లీ తింటూ తింటూ శ్యామ్ నడుముకి తగిలించుకున్న పేజరు తీసి కంచం పక్కన పెట్టాడు.

"ఉమా, దీన్ని ఇవాళ వాపసు ఇచ్చేసి రాగలవా? మాదాపూర్‌లో పేజరు వాళ్ళ ఆఫీసు తెరిచారు. ఉత్తరం రాసి సంతకం పెట్టేశాను. నేను వెళ్దామంటే ఈ నెలలో కుదిరేట్టు లేదు."

"వాపసు ఎందుకండీ?"

"ఆఫీసు వాళ్ళు సెల్ ఫోన్ ఇచ్చారుగా. ఒకపక్క ఇదీ, ఒకపక్క అదీ, మొలతాడుకి మువ్వలు కట్టిన పసివాడిలా ఉన్నానని మా లింగమూర్తి ఏడిపిస్తున్నాడు."

ఉమాశ్రీ పకపకా నవ్వింది. మొలతాడూ, మువ్వలూ, ఈ ఆరడుగుల మనిషీ, అన్నీ కళ్ళ ముందు కట్టాయి. నవ్వు పూర్తయ్యాక గానీ అసలు సంగతి తట్టలేదు.

"మరి నేను మీకేమైనా చెప్పాలంటే?"

"సెల్‌కి చెయ్యి. అర్జెంటైతేనే సుమా. మనకి వచ్చే కాల్‌కి కూడా బిల్లు పడుతుంది. నెలాఖరుకి ఆ కాగితం పట్టుకుని ఈ నెంబరెవరిది, ఆ నెంబరెవరిదని అడుగుతారు."

అతను చెయ్యి కడుక్కుని, స్కూటర్ తీసి, మలుపు దగ్గర ఎప్పటిలాగే ఒకసారి హారన్ కొట్టి వెళ్ళిపోయాడు. రెండు వేల సంవత్సరం ఇంకో నెలన్నరలో వచ్చేస్తోంది. ఆ లోపల ఎక్కడో అమెరికా బ్యాంకు కంప్యూటర్లలో తేదీలన్నీ సరిచెయ్యాలట. పెళ్ళయిన పదో రోజు నుంచీ శ్యామ్ ఆ తేదీలతోనే కాపురం చేస్తున్నాడు.

వాళ్ళ ఇల్లు మణికొండలో ఆఖరిది. దాని తర్వాత బండరాళ్ళూ, తుమ్మ చెట్లూ, ఆకాశమూ. మండపేట నుంచి వచ్చిన కొత్తలో ఉమాశ్రీకి ఇదంతా పెద్ద వింత. ఒకదాని మీద ఒకటి పడిపోకుండా నిలబడ్డ రాళ్ళని చూసి, ఎవరు పేర్చారండీ వీటిని, అని అడిగింది. పొద్దుటి ఎండ వంటింటి గచ్చు మీద నలుచదరంగా పడితే ఆ నలుచదరంలో కూర్చుని కాఫీ తాగేది. కొత్త స్టీలు గ్లాసు మీద ఇంకా పోని రంగు కాగితం ముక్కని గోటితో గీకడం కూడా ఆమెకి ఓ సరదా. ఇన్ని సరదాలున్నాయి, చెప్పుకుందామంటే మనిషి లేడు. ఫోన్ కనెక్షన్‌కి దరఖాస్తు పెట్టారు గానీ స్తంభాలే ఇంకా ఊళ్ళోకి రాలేదు.

అందుకే పేజరు. రోజూ వంట ముగించుకుని, చీర మార్చుకుని, బొట్టు సరిచేసుకుని, ఎవరో పేరంటానికి పిలిచినట్టు తయారై ఊరి మధ్యలో రాజమ్మ ఎస్టీడీ బూత్‌కి నడిచేది. పేజరు వాళ్ళ నెంబరు తిప్పితే ఓ అమ్మాయి ఎత్తుతుంది. శ్యామ్ నెంబరు చెప్పి, చెప్పాల్సింది చెబితే, ఆ అమ్మాయి అక్కడ టైప్ చేస్తుంది, ఇక్కడ శ్యామ్ నడుము మీద పేజరు కుయ్‌మంటుంది. మొదటి రోజు ఉమాశ్రీ డిగ్రీ చదివిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని రెండు ముక్కలు చెప్పి ఆగిపోయింది. "తెలుగుల చెప్పుండ్రి మేడమ్, నేను చూసుకుంట" అంది ఆ అమ్మాయి. ఆ మాటతో గట్టు తెగింది.

సొరపాదు మొదటి పువ్వు పూసిందని చెప్పమ్మా. తెల్లగా, తడిపిన కాగితంలా ఉందని చెప్పు. వంటింటి వెంటిలేటర్లో పిచ్చుక గూడు పెడుతోంది, పుల్ల తెచ్చిన ప్రతిసారీ నన్ను ఓ చూపు చూస్తోందని చెప్పు. ఇవాళ వాన ఆ రాళ్ళ దాకా వచ్చి మన ఇంటి మీద పడకుండానే వెళ్ళిపోయిందని చెప్పు. అమ్మాయి "ఊఁ, ఊఁ" అంటూ వినేది. ఒక్కోసారి నవ్వేది. "సరే మేడమ్, పంపిస్త" అనేది.

బూత్‌లోంచి బయటికొస్తే రాజమ్మ ఊరుకునేది కాదు. "ఏం బిడ్డా, ఇయ్యాల గంత పెద్ద ముచ్చట ఏం చెప్పినవ్ మొగనికి? ఇంటికొచ్చినంక చెప్పెతందుకు ఏమన్న మిగిలిచ్చినవా లేదా?"

నిజానికి ఇంటికొచ్చాక చెప్పడానికి శ్యామ్‌లోనే ఏమీ మిగిలేది కాదు. అన్నం కలుపుతూ కునికేవాడు. మెసేజ్ వచ్చిందా అని అడిగితే మాత్రం మొహం విప్పార్చి, "వచ్చింది, చూశాను. చాలు నాకది" అనేవాడు. మొదటి నెలంతా ఉమాశ్రీ ఆ 'చాలు' అన్న మాటని రాత్రి పాలలో పంచదారలా కలుపుకుని తాగింది. రెండో నెలలో అనుమానం మొదలైంది. పిచ్చుక పిల్లలు పుట్టాయని చెప్పిన రోజు అతను సరిగ్గా ఆ వెంటిలేటర్ కింద నిలబడి మంచినీళ్ళు తాగాడు. పైన కిచకిచలు. తలెత్తి చూడలేదు. చూశాను అన్నవాడు ఏం చూసినట్టు? అడిగితే బావుండదని అడగలేదు. అలా అడక్కుండా ఊరుకున్నవి పోగయ్యాయి. అయినా మర్నాడు బొట్టు సరిచేసుకుని మళ్ళీ బూత్‌కి వెళ్ళేది. రోజు మొత్తం మీద ఆమె గొంతు బయటికి వినపడే చోటు అదొక్కటే.

ఇప్పుడు ఆ ఒక్కటీ తన చేత్తోనే మూసి రావాలి.

దర్గా దాకా నడిచి, షేర్ ఆటోలో ఇరుక్కుని, మాదాపూర్‌లో దిగేసరికి పదకొండయింది. పేజరు ఆఫీసు కొత్త భవనంలో కింది వాటా. గోడలకి ఇంకా సున్నం వాసన. కౌంటర్ వెనక యాభై ఏళ్ళ పెద్దమనిషి, పేరు బిళ్ళ మీద యజ్ఞనారాయణ అని ఉంది. ఉత్తరం చదివి ఓ కాగితం ముందుకి తోశాడు.

"కూర్చోండమ్మా. ఇది నింపండి. 'కారణం' అన్న చోట 'సెల్ ఫోన్ వచ్చినది' అని రాయండి, అందరూ అదే రాస్తున్నారు. ఇంకో ఏడాదికి నా రాజీనామాలోనూ అదే రాస్తాను."

ఆమె నవ్వింది. ఆయన పేజరు తీసుకుని అటూ ఇటూ తిప్పి మీట నొక్కాడు.

"లోపల మెసేజీలు చాలా ఉన్నాయమ్మా. చెరిపేస్తేగానీ జమ చేసుకోకూడదు. కావలసినవేమైనా ఉంటే చూసుకోండి, రాసుకోండి. తొందరలేదు."

మూడు నెలలు ఆ పేజరు ఇంట్లోనే, దిండు పక్కనే ఉన్నా ఉమాశ్రీ దాన్ని ఎప్పుడూ తెరిచి చూడలేదు. తను చెప్పినవే కదా, తెలియనివా. ఇప్పుడు మాత్రం పోయే ముందు ఒక్కసారి తన మాటలన్నీ వరసగా చూసుకోవాలనిపించింది. సొరపువ్వు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో. మీట నొక్కింది.

ఆల్ వెల్ ఎట్ హోమ్. ఉమ.

మళ్ళీ నొక్కింది. లింగమూర్తికి ఫోన్ చెయ్యమని ఒకటి. తర్వాతది: ఆల్ వెల్ ఎట్ హోమ్. ఉమ. దాని కింద తేదీ, పదకొండుంబావు అని టైమూ. తర్వాతదీ అదే. ఆ తర్వాతదీ అదే. పిచ్చుక పిల్లలు పుట్టిన రోజున కూడా, ఇంట్లో అంతా క్షేమం, ఉమ. ఆమె నొక్కుతూనే ఉంది. ఎక్కడో ఒకచోట పువ్వు కనిపిస్తుందని. మెసేజీలు అయిపోయి మళ్ళీ మొదటిది వచ్చింది.

"ఇవి నేను పంపినవి కావండీ" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేను చాలా చెప్పాను. రోజూ చాలా చెప్పాను."

యజ్ఞనారాయణ కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, వెనక అద్దాల గదివైపు తిరిగి, "అనూషా, ఒకసారి ఇలా రామ్మా" అని పిలిచాడు.

చెవులకి పెట్టుకునే ఫోన్ మెడలోకి జార్చుకుంటూ ఓ సన్నటి అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఉమాశ్రీ "నమస్కారమండీ, నేను..." అనగానే ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది.

"మణికొండ మేడమ్ కద? గొంతు పోల్చిన. మీరు లావుగ ఉంటరనుకున్న మేడమ్. ఆ పిచ్చుక పిల్లలకు రెక్కలొచ్చినయా?"

 ఉమాశ్రీ పేజరు ఆ అమ్మాయి ముందు పెట్టింది. అనూష చూసి, తల దించుకుంది.

"ఇంగ్లీషులనే కొట్టాలె మేడమ్, రూల్. అరవై అక్షరాలల్ల అయిపోవాలె. ఫస్ట్ రోజు మీరు చెప్పిందంత తెలుగే, ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టిన. మా పెద్దసారు పిలిచి గట్టిగ తిట్టిండు, పోనియ్యలే. సొరపువ్వు తడిపిన కాయితం లెక్క ఉన్నదని ఇంగ్లీషుల నాకేడ వస్తది? నేను ఇంటరే ఫెయిల్. ఇగ ఏం చేసుడు? ఇంట్ల అంత మంచిగున్నదని కొట్టిన."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

"చెప్తె మీరు ఫోన్ చేసుడు బంద్ చేస్తరనుకున్న." ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "పొద్దంత కాల్ ఆఫీస్, కాల్ బ్యాంక్, అర్జెంట్ అర్జెంట్, గిదే లొల్లి. మీదొక్కటే మనిషి మాట్లాడినట్టుంటుండె. పదకొండు దాటితె మీ కోసమే చూస్తుంటి. ఇంటికి పొయ్యి మా అమ్మకు చెప్తుంటి, మేడమ్ ఇయ్యాల గిట్ల చెప్పింది అని." తప్పు ఒప్పుకుంటూనే తప్పు కాదన్నట్టు మెల్లిగా అంది, "నేను కొట్టింది అబద్ధమైతె కాదు గద మేడమ్. మీరు ఏ ఒక్కనాడన్న బాగలేదని చెప్పిన్రా?"

కోపం తెచ్చుకుందామని ఉమాశ్రీ గట్టిగానే ప్రయత్నించింది. రాలేదు. ఈ అమ్మాయి మూడు నెలలు విన్నది. విన్నవాళ్ళ మీద కోపం ఎలా వస్తుంది? శ్యామ్ మీద వద్దామన్నా అతనికి అందింది ఆ నాలుగు ముక్కలే. పాపం, అవి చూసుకునే చాలనుకున్నాడు. ఇక మిగిలింది తను. నిజమే, ఏ ఒక్కనాడూ బాగాలేదని చెప్పలేదు. పువ్వూ, పిచ్చుకా, వానా అన్నీ చెప్పి, ఆ పువ్వు ముందు తను ఒక్కతే నిలబడి ఉన్నానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"ఇప్పుడు చెప్పుండ్రి మేడమ్" అంది అనూష. "ఆ తిట్లేవో తింట. ఏది చెప్తె అది కొడత."

"పేజరు ఇక్కడుందిగా అనూషా. మన ముందే మోగుతుంది."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వుతుంటే ఉమాశ్రీ కళ్ళలోంచి నీళ్ళు జారాయి. అనూష చూడనట్టే ఉండి, ఆమె చేతిని ఒక్కసారి పట్టుకుని వదిలి, లోపల ఏదో ఫోన్ మోగుతుంటే వెళ్ళిపోయింది.

ఉమాశ్రీ కాగితం పూర్తిచేసింది. కారణం: సెల్ ఫోన్ వచ్చినది.

"చెరిపెయ్యనా అమ్మా?" అడిగాడు యజ్ఞనారాయణ.

"చెరిపెయ్యండి."

బయట ఎండ చురుక్కుమంటోంది. రోడ్డుకి అవతల పొదలూ, పగలగొట్టిన రాళ్ళ కుప్పలూ, వాటి మీదుగా దూరంగా శ్యామ్ పనిచేసే ఆ గుండ్రటి అద్దాల బిల్డింగు. దాన్ని సినిమాల్లో చూపిస్తున్నారని మండపేటలో అందరూ చెప్పుకుంటారు. ఆమె పక్కనే ఉన్న బూత్‌లోకి వెళ్ళి, పర్సులోంచి చిన్న పుస్తకం తీసి, సెల్ నెంబరు చూసుకుంటూ ఒక్కో అంకే తిప్పింది.

"హలో?"

"నేనండీ."

"ఉమా? ఏమైంది? అర్జెంటా?"

కాదండీ, ఊరికే, అని రోజూ అలవాటైన మాట నాలిక చివరికొచ్చింది. దాన్ని మింగేసింది.

"అర్జెంటేనండీ. నాకు బాగాలేదు."

"జ్వరమా?"

"జ్వరం కాదు. ఒంట్లో బానే ఉంది. ఇంట్లోనే బాగాలేదు."

 అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు.

"రోజూ బావుందనే పంపేదానివిగా. పదకొండుంబావుకి అది మోగితే చాలు, ఆ పూటకి నాకు ఇంటి బెంగ ఉండేది కాదు."

"అది నేను చెప్పింది కాదండీ."

"మరి ఏం చెప్పావు?"

"చాలా ఉంది. ఇప్పుడు చెప్పాలంటే చాలా ఉంది." ఆమె అద్దంలోంచి బయటికి చూసింది. "మీ బిల్డింగు కనిపిస్తోంది ఇక్కణ్ణుంచి. మీది ఏ అంతస్తండీ?"

"అయిదు. నీకు తెలీదూ?"

"మీరు చెప్పలేదు."

"చెప్పలేదా?" అతను నిజంగానే ఆలోచించాడు. "ఉండు, కిటికీ దగ్గరికి వస్తున్నా. వచ్చాను. ఎక్కడున్నావు? రోడ్డంతా దుమ్మే కనిపిస్తోంది."

"మీరూ కనిపించడం లేదు. అద్దాలన్నీ ఒకేలా ఉన్నాయి."

వెనక ఎవరో శ్యామ్ అని పిలిచారు. మళ్ళీ పిలిచారు. "ఉమా, పెట్టెయ్యకు. ఒక్క నిమిషం" అన్నాడతను.

ఫోన్ ఎక్కడో బల్ల మీద పెట్టినట్టున్నాడు. ఆమె రిసీవర్ చెవికి గట్టిగా నొక్కుకుంది. బోలెడు మీటలు ఒకేసారి టకటకలాడుతున్నాయి. ఎవరో దగ్గారు. ఎవరో ఇంగ్లీషులో ఏదో తేదీ రెండుసార్లు చెప్పారు. శ్యామ్ గొంతు దూరంగా, ఇంట్లో ఎప్పుడూ వినని తీరులో, "తర్వాత వస్తాను సార్, మా ఇంటి నుంచి ఫోన్" అంటోంది. బూత్ బయట ఓ మనిషి తన వంతు కోసం తలుపు మీద నాణెంతో తట్టాడు. ఆమె అతనికి వీపు తిప్పి నిలబడింది.

"ఉన్నావా?"

"ఉన్నానండీ."

"చెప్పు. వింటున్నాను."

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట వచ్చేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు.  అతను తొందరపెట్టలేదు.

"పొద్దున మీరు వెళ్ళాక గడియ పెట్టుకుంటానా," అంది చివరికి, "పెట్టుకుని, లోపలికి వెళ్ళబుద్ధి కాక, ఆ తలుపు వెనకాలే నిలబడిపోతానండీ. రోజూ."