పూలమ్మ రక్తం గురక

పొద్దున ఎనిమిదింటికి హనుమకొండ దవాఖానలో ల్యాబు తాళం తీయగానే రాయమల్లు చేసే మొదటి పని, రక్తపు గొట్టాలను ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని వినడం. ఎవరి రక్తం వాళ్ల తీరునే మసులుతుంది. కాజీపేట రైలు డ్రైవరుది కూత పెడుతుంది, కోపిష్టి షావుకారుది గొణుగుతుంది. గోల ఎక్కువైతే బిరడాలు గట్టిగా బిగించమంటాడు డాక్టరు కిషన్ రావు, అంతే.

డెబ్బై ఎనిమిది మే నెలలో ఆ రోజు మాత్రం రాయమల్లు ఒక్క గొట్టం విని, దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. వర్ధన్నపేట పూలమ్మకు గొంతు వాపు. తొమ్మిదింటికి ఆపరేషన్ చేసి థైరాయిడ్ గ్రంథిని తీసేస్తారు. వారం కింద ఆమె రక్తంలో, ఆ గ్రంథి రసంలో ఉండే అయోడిన్‌ను కొలిచి, గ్రంథి మితిమీరి పనిచేస్తోందని కాగితం రాసింది రాయమల్లే. నిన్న హైదరాబాదు నుంచి ఇంకో కాగితం వచ్చింది. గ్రంథిలో ఊరే రసాన్నే నేరుగా కొలిచే కొత్త పరీక్ష అది. ఆ రసం తక్కువగా ఉందని అందులో రాశారు. అసలే మందగించిన గ్రంథిని కోసేస్తే మనిషి ఏం కావాలి?

"నీ పరీక్ష ఏండ్ల సంది చూస్తాన రాయమల్లూ. గా కొత్త మిషన్ను ఎట్ల నమ్మాలె?" అన్నాడు కిషన్ రావు, చేతులు కడుక్కుంటూ.

తన పని తప్పని తానే ఒప్పుకుంటే కొలువు ఉంటుందా? అయినా రాయమల్లు పొద్దున తీసిన పూలమ్మ రక్తపు గొట్టాన్ని డాక్టరు చెవికి ఆనించాడు. రక్తం గుర్రుపెట్టి నిద్రపోతోంది.

"తట్టినా లేస్తలేదు సార్. నా కాగితమే తప్పు."

"మరి గంత అయోడిన్ ఎక్కడికెళ్లి వచ్చింది?"

ఇద్దరూ పూలమ్మ దగ్గరికి ఉరికారు. అంత ఎండలోనూ ఆమె దుప్పటి కప్పుకుని వణుకుతోంది.

"అక్కా, వాపుకు ఏమన్న పూసినవా?" అడిగాడు రాయమల్లు.

"మా అత్త రెండు పూటల టించరు పూస్తాంది తమ్మీ. దెబ్బలకు పనిచేస్తది గద, దీనికీ చేస్తదన్నది."

టించరంటేనే అయోడిన్. అది తోలులోంచి దిగి రక్తంలో కలిసింది. రాయమల్లు పరీక్ష దాన్నీ కలిపి కొలిచింది. పాపం, అత్త ప్రేమ కోడలి ప్రాణం మీదికి తెచ్చింది.

కిషన్ రావు ఆపరేషన్ కాగితం కొట్టేశాడు. "కోసేది లేదమ్మా. గోలీలు రాస్త, రోజూ మింగు. టించరు బంద్ చెయ్యి."

పూలమ్మ మెల్లగా లేచి కూర్చుంది.

"నేను బతకనని నా బిడ్డను మా చెల్లెకు అప్పజెప్పొచ్చిన సార్," అంది. "ఆమెనే అమ్మా అని పిలువుమని చెప్పొచ్చిన."

రాయమల్లు కళ్లు తుడుచుకుని, ఆమె చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు.

"పది గంటలకు బస్సున్నది అక్కా," అన్నాడు.