మోదుగ గింజల నూనె

"ఉల్లిగడ్డలు కోసినవా?" అంటూనే ల్యాబులోకి వచ్చాడు రాజేశం. సకల జనుల సమ్మె రోజులు. జగిత్యాలలో వాళ్ల కాలేజీలో పాఠాలు జరగడం లేదు కాబట్టే అతని భార్య వనితకు ల్యాబు తీరికగా దొరికింది. ఆ పూట కోరుట్ల చౌరస్తాలో వంటా వార్పు. రోడ్డు మీదే వండి, ఉద్యమానికి వచ్చినవాళ్లకు అన్నం పెట్టాలి. మైకు రాజేశానిది, గరిటె వనితది. ఆ పంపకం చేసేటప్పుడు ఆమెనెవరూ అడగలేదు.

మోదుగ గింజల పిండి మీద ఈథర్ చుక్కచుక్కగా పడుతోంది. అది నూనెను లాక్కుని కింది ఫ్లాస్కులోకి దిగాలి. ఆ నూనెలో ఏ కొవ్వు ఆమ్లం ఎంతుందో కొలిస్తేగానీ ఆమె పీహెచ్‌డీ తెమలదు. మధ్యలో ఆపితే పని మొదటికొస్తుంది.

"ఇంకో గంటల అయితది. జర ఆగు."

"ఊరంత రోడ్డు మీదున్నది. నీకు గింజలెక్కువైనయా?"

ఈథర్‌ను మరిగించే హీటరు ప్లగ్గు పీకేశాడు. వనిత మళ్లీ పెట్టబోయింది. చెంప పగలగొట్టి, జుట్టు పట్టి తలను బల్లకేసి బాదాడు. పెదవి చిట్లింది. ఈ దెబ్బలు కొత్తవి కావు. ఒకసారి సిరిసిల్లలో మరమగ్గాల మధ్యే బతికిన అత్త రత్నమాలకు చెప్పుకుంటే, "సాంచెల చప్పుడుల నా ఏడ్పు ఎవలకు ఇనవడ్డది బిడ్డా? పడాలె" అంది. ఆ ముసలామె మీద కోపం రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఇన్నేళ్లూ పడింది మరి!

రాజేశం గాజు సామానంతా ఒక్క ఊపున నేలకు తోసేశాడు. ఈథర్ అతని ప్యాంటును తడిపి చెప్పుల కింద పారింది. గెలిచినవాడిలా కుర్చీలో కూలబడి, జేబులోంచి సిగరెట్టు, అగ్గిపెట్టె తీశాడు. రాజనీతి శాస్త్రం చెప్పే మనిషి. ఆ గది వాసన అతనికి ఎప్పుడూ కంపే, అంతకుమించి తెలియదు.

వనితకు తెలుసు. తలుపు ఆమె వెనకే ఉంది. ఒక్కడుగు వెనక్కి వేసి నోరు మూసుకుంటే చాలు. మూసుకుంది కూడా. కాలిపోనీ అనుకుంది. ఎంత హాయిగా అనిపించిందో!

అతను పుల్ల గీయబోతుండగా ఆమె చూపు కుర్చీ వెనక అల్మారా మీద పడింది. ఒక్క ఉదుటున దూకి, స్టాండు ఇనుపకడ్డీతో అతని మణికట్టు మీద కొట్టింది. అగ్గిపెట్టె ఎగిరి ఎక్కడో పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"ఈథర్... అంటుకుంటది" అంది రొప్పుతూ.

తడిసిన ప్యాంటు చూసుకుని రాజేశం పాలిపోయాడు. అంత నొప్పిలోనూ అతని కళ్లు చెమ్మగిల్లాయి. "ఎంతైన పెండ్లానివి... నా పానం కాపాడినవ్."

వనిత అల్మారా తెరిచింది. ఊరూరా తిరిగి ఏరిన గింజల నుంచి తను తీసిన నూనెలు, సీసా తర్వాత సీసా సంచిలో సర్దుకుంది. పెదవి మీది నెత్తురు కొంగుతో తుడుచుకుంది.

"నీ పానం గురించి కాదు. ఇవి కాలిపోతయని కొట్టిన. ఇవి లేకపోతే, నువ్వు పుల్ల గీసేదాంక చూస్తు నిలవడేదాన్ని."