కత్తి తుడవని బావ

డ్రాగన్‌ఫ్రూట్ తీగ కుళ్ళితే ఎంత కంపో పగవాళ్ళకు కూడా తెలియకూడదు. పేరుకు ముళ్ళ తీగే గాని లోపలంతా నీళ్ళు. పచ్చటి కాడ ముందు పసుపు తిరుగుతుంది, తర్వాత మెత్తబడుతుంది, ఆపైన వేలు తగిలితే చాలు, జిగురుజిగురుగా కారుతుంది. అచ్చం చచ్చిన ఎలుక వాసన. ఛీ!

నా తోటలో తీగలు పాకించిన స్తంభాలు నలభై. ఒక్కదానికే కుళ్ళు పట్టింది. ఏడాదిగా పనీపాటా లేకుండా ఇంట్లో కూర్చున్న బావను, అక్క బతిమాలితేనే, కొమ్మలు కత్తిరించడానికి పెట్టుకున్నాను.

"బావా, ఒక్కో స్తంభం అయ్యాక కత్తి స్పిరిట్‌తో తుడువు. లేదంటే ఆ కుళ్ళు అన్నిటికీ నువ్వే పూసినట్టు" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"నాకే నేర్పుతావా మరదలా?" అని నవ్వాడు. కుళ్ళిన దాని దగ్గరే మొదలుపెట్టి, మధ్యాహ్నానికల్లా ముప్ఫై రెండు కోసేసి, భుజాలెగరేసుకుంటూ భోజనానికి వచ్చాడు.

పది రోజులకు ఆ ముప్ఫై రెండూ కారడం మొదలుపెట్టాయి. ఈగలు ముసిరాయి. స్పిరిట్ సీసాకు సీలు కూడా ఊడలేదు. మరి కత్తి దేనికి తుడిచావయ్యా అంటే, ప్యాంటు చూపించాడు. తొడ మీద చారలు ఎండి అట్టకట్టి ఉన్నాయి. పది రోజులుగా ఆ ప్యాంటుతోనే ఊరేగుతున్నాడు మహానుభావుడు! ఆ చేత్తోనే నా కూతురికి ముద్దలు కూడా పెట్టాడు.

మిగిలింది ఆ రోజు భోజనం చేశాక బావ మళ్ళీ ముట్టని చివరి వరుస, ఎనిమిది స్తంభాలు. మళ్ళీ తోట వెయ్యాలంటే నాటే ముక్కలు వాటి నుంచే తీయాలి. అవీ పోతే నాకిక తోట లేనట్టే. మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి బావ అక్కడే ఉన్నాడు. చేతిలో అదే కత్తి.

"ఆగు! ముట్టుకోకు వాటిని!"

"సగం పని వదిలేసే మనిషినా నేను? ఏం, నా చెయ్యంటే అంత అసహ్యమా?"

"అవును బావా. చూస్తుంటేనే వాంతికొస్తోంది."

అనేశాను. తిరిగి చూస్తే టీ గ్లాసులతో అక్క. బావ కత్తి విసిరేసి, గొణుక్కుంటూ గేటు దాటాడు. మొగుణ్ణి చిన్న మాటన్నా మీదపడి కరిచే మనిషి మా అక్క.

"అక్కా, కోపంలో నోరు జారాను..."

అక్క గ్లాసులు కింద పెట్టింది.

"నువ్వు పది రోజులకే అనగలిగావు" అంది. "నాకు పన్నెండేళ్ళయినా నోరు రాలేదు."