పెట్టె మీద మార్తమ్మ

తెల్లవారగానే అంకన్న చేసే మొదటి పని మార్తమ్మను తిట్టడం.

అది అతని ఉద్యోగం. త్రిపురాంతకానికి కోసెడు దూరంలో వెంకటసుబ్బయ్యకు ఉన్న చేలల్లో కూలీల మీద పెత్తనం అంకన్నది. గట్టు గట్టిపడాలన్నా కళ్ళం చదును కావాలన్నా వేరే ఆసాములు పదిమందిని పెట్టి దిమ్మిస కొట్టించేవాళ్ళు. వెంకటసుబ్బయ్యకు అంత ఖర్చు లేదు. మార్తమ్మను తెచ్చి గట్టు మీద నిలబెట్టి నాలుగు మాటలంటే చాలు. ఆమెకు కోపం వస్తే బరువెక్కేది.

చిన్నప్పటి నుంచీ అంతే. అలిగిన పిల్లను ఎత్తుకోలేక వాళ్ళమ్మ బావి దగ్గరే వదిలేసి ఇంటికొచ్చేది. పెళ్ళైన కొత్తల్లో ఒకసారి నులకమంచం తెగితే మొగుడు పేతురు నులక పేని మళ్ళీ అల్లుకున్నాడు. మిషను గుడిలో బల్ల విరిగినాక పాదిరి దొరసాని ఆమెకు వేరుగా చాప పరిపించింది. కొందరికి వంకాయ పడదు, కొందరికి ఎండ పడదు, మార్తమ్మకు కోపం వస్తే బరువు. అంతకు మించి దాన్ని గురించి ఎవరూ ఆలోచించింది లేదు.

"కరువులో గంజినీళ్ళ కోసం పేర్లు మార్చుకున్నోళ్ళు గదే మీరు," అని మొదలుపెట్టేవాడు అంకన్న, పళ్ళు తోముకుంటానే. మార్తమ్మ పళ్ళు బిగించి అడుగేసేది. కాలి కింద మన్ను దబ్బుమని అణిగేది. ఇంకో మాట, ఇంకో అడుగు. పొద్దు వాలేసరికి గట్టు రాయైపోయేది. పని పదిమందిది, కూలి ఒక మనిషిది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు మళ్ళీ కోపం. ఆ కోపం కూడా గట్టుకే పనికొచ్చేది. కూలి తగ్గితే తగ్గింది, కోపమన్నా తనదిగా మిగల్లేదే అని ఆమె ఇంకో అడుగు గట్టిగా వేసేది.

ఆ యేడు వాన మబ్బులు ముందే కమ్ముకున్నాయి. దిగువ చేను పాత గట్టుకు గండి పడింది. తొందరకొద్దీ వెంకటసుబ్బయ్య తనే చేతికర్ర పట్టుకోని వచ్చినాడు. అంకన్న తిట్లు ఆయనకు ఆనలేదు.

"పక్కకు పో, నేనంటా," అని మార్తమ్మ ఎదురుగా నిలబడినాడు. "ఏమే, నీ కూతురు ప్రేమకుమారి జొరమొచ్చి చచ్చిందా, నువ్వు తిండి పెట్టక చంపుకున్నావా?"

ఆ పిల్ల పోయి అప్పటికి యేడాది కూడా కాలేదు. చేలో కలుపు తీసేవాళ్ళంతా చేతులాపి నిలబడిపోయినారు. మార్తమ్మ కాళ్ళ కింద గట్టు గుండెలు పగిలినట్టు చప్పుడు చేసింది. ఆమె ఉన్నదున్నట్టే నడుములోతు దిగబడిపోయింది. పాదం కింద కుండ పగిలింది. వంగి చెయ్యి పెడితే పసుపుపచ్చగా కాసులు.

"అయ్యా, ఈడ ఏందో ఉంది," అన్నది ఆమె. అంత కోపంలోనూ దాచుకోవాలన్న ఆలోచన రాలేదు.

వెంకటసుబ్బయ్య తన పైపంచె పరిచి కాసులన్నీ దాంట్లో పోయించుకున్నాడు. "సర్కారుకు అప్పజెప్పాల. నీ పాలు నీకొస్తుందిలే," అన్నాడు. అంతవరకు బాగానే ఉంది. భూమిలో దొరికినదాన్ని తాలూకా కచేరీలో చెబితే, తీసినవాళ్ళకు పెద్దపాలు, చేను గలవాళ్ళకు చిన్నపాలు ఇచ్చే చట్టం ఒకటుందని పాదిరి కూడా చెప్పినాడు. అయితే వెంకటసుబ్బయ్య మార్కాపురం పోయి చెప్పింది వేరే. రెండు పాళ్ళూ తనకే రావాలని, కుండ తీసింది తనేనన్నాడు.

సంగతి తెలిసి పేతురు తువ్వాలు భుజాన వేసుకోని మార్కాపురం నడిచిపోయినాడు. నా పెండ్లాము తీసింది, రాసుకోండి అని కచేరీ గుమస్తాకు చెప్పి వచ్చినాడు. మర్నాడే వెంకటసుబ్బయ్య ఫిర్యాదు చేసినాడు, కుండలో నుంచి పేతురు రెండు కాసులు ఎత్తుకపోయినాడని. పోలీసులు గుడిసె పైకప్పు పీకి వెతికినారు. కాసులు దొరకలేదు. పేతురును మాత్రం పట్టుకపోయి సబ్‌జైల్లో పెట్టినారు.

దినం మార్చి దినం మార్తమ్మ జొన్నరొట్టెలు మూట కట్టుకోని మార్కాపురం పోయేది. జైలు గుమ్మం కాడ బంట్రోతు మూట అందుకునేవాడు, మనిషిని మాత్రం చూడనిచ్చేవాడు కాదు. అట్ల పోయిన ఒకనాడు కచేరీ ఆవరణంతా జనం. జైలు, కచేరీ ఒకే ప్రహరీ లోపల ఉంటాయి. వసారాలో బల్ల వేసి, బల్ల పక్కన టేకు పెట్టె పెట్టినారు. మద్రాసు మ్యూజియానికి కావలసిన కాసులు ఏరుకోగా మిగిలినవి ఆనాడు వేలం, వచ్చే సొమ్ము వెంకటసుబ్బయ్యకు.

పాట పాడించేది మొహిద్దీన్ బాషా. చింతచెట్ల కాపు, బందెలదొడ్లో పడిన గొడ్లు, కల్లు దుకాణాలు, తాలూకాలో ఏ వేలమైనా అతని గొంతే. కాసులు పాడించడం అతనికి అదే మొదలు. ఒక కాసును రెండు వేళ్ళతో పట్టుకోని ఎండకు తిప్పినాడు.

"చూడండయ్యా, రెండు తలల పక్షి! ముక్కుల్లో ఏనుగులు, గోళ్ళల్లో ఏనుగులు! ఏ రాయలు కొట్టించినాడో, ఇట్లాంటిది మళ్ళీ కంటికి కనపడదు. సర్కారు పాట యాభై!"

"అరవై," అన్నాడు బళ్ళారి నుంచి వచ్చిన షరాబు.

"ఎనభై." ఇది మద్రాసు ప్లీడరు. పాత కాసులు పోగుచేసే పిచ్చి ఆయనకు. భూతద్దం జేబులో పెట్టుకోని రైలెక్కి వచ్చినాడు.

"తొంభై."

"నూరు," అని ప్లీడరు వెంకటసుబ్బయ్య వైపు తిరిగినాడు. "ఇది ఎట్ల దొరికిందండీ మీకు? కాసుతో పాటు కథ కూడా ఉంటే దాని విలువే వేరు."

వెంకటసుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు. "తెల్లవారుజామున దైవధ్యానం చేసుకుంటా గట్టు మీద పోతన్నానండీ. ఈ చేతికర్ర ఇట్ల దిగబడింది. ఏదో ప్రేరణ. ఒక్కణ్ణే తవ్వుకున్నా."

"ఓహో," అని ప్లీడరు నవ్వినాడు. ఆయన నవ్వినాడని పక్కవాళ్ళూ నవ్వినారు.

జైలు గుమ్మం కాడ నిలబడిన మార్తమ్మ చెవిన ఆ మాట పడింది. రొట్టెల మూట కింద పెట్టింది. ఆమె నడిచి వస్తంటే ఆవరణలో గచ్చు అదిరింది. బల్ల మీద సిరాబుడ్డి పక్కకు జరిగింది. జనం దారి ఇచ్చినారు.

"అబద్ధం," అన్నది మార్తమ్మ. "కుండ తీసింది నేను. ఆ మాట చెప్పినందుకు నా మొగుణ్ణి దొంగను చేసి ఆడ పెట్టినారు."

బల్ల వెనక కూర్చున్న తాసీల్దారు కళ్ళజోడు తీసి, "ఎవరీమె?" అన్నాడు.

"దొంగ పెండ్లామండీ. మతి లేదు," అన్నాడు వెంకటసుబ్బయ్య.

మార్తమ్మ పోయి టేకు పెట్టె మీద కూర్చున్నది. పెట్టె కిర్రుమన్నది. దాని కింద గచ్చు బండ నెర్రె విచ్చింది. ఇద్దరు బంట్రోతులు వచ్చి చెరొక రెక్క పట్టి గుంజినారు. ఇంకో ఇద్దరు వచ్చినారు. నలుగురికీ చెమటలు పట్టినాయి గాని ఆమె చీర కొంగు కూడా కదల్లేదు.

"ఏమైంది?" అన్నాడు తాసీల్దారు.

"కోపమొచ్చిందయ్యా," అన్నాడు బంట్రోతు, వాన పడతన్నదని చెప్పినట్టు.

"అట్లయితే తగ్గేదాకా ఆగండి. బాషా, పాట నిలుపు."

ఎండ వసారాలోకి పాకింది. షరాబు విసనకర్ర ఊపుకుంటన్నాడు. ప్లీడరు గడియారం తీసి చూసి, "నాకు సాయంత్రం బండి ఉంది. ఈ పెట్టె తెరిచేది లేకుంటే నేను పాట మానుకోని పోతా," అన్నాడు.

ప్లీడరు పోతే పాట పైకిపోదు. వెంకటసుబ్బయ్య లేచి మార్తమ్మ మీదికి పోయినాడు. ఆమెతో మాట్లాడే పద్ధతి ఆయనకు ఒకటే తెలుసు.

"లెయ్యవే! తిని తిని దున్నపోతు మాదిరి బలిసి ఈడ కూచుంటావా? లెయ్!"

పెట్టె బెత్తెడు కిందికి దిగింది.

"వద్దయ్యా, ఆపండి," అన్నాడు వెనక నుంచి అంకన్న. అయ్య వెంట బండి తోలుకోని వచ్చిందతనే. "మనం తిట్టేకొద్దీ ఆమె బరువెక్కుతాదయ్యా."

వెంకటసుబ్బయ్య వినే స్థితిలో లేడు. మార్తమ్మ రెప్ప వేయకుండా ఆయన మొహంలోకే చూస్తన్నది. ఆ చూపుకు ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

"ఏందే ఆ చూపు? ఆ పొద్దు గూడా ఇట్లనే చూసినావు! నడుములోతు దిగబడి, కుండను కాలి కింద తొక్కి, అయ్యా ఈడ ఏందో ఉంది అని అరిచింది నువ్వు గాదా? నేను అంకన్నతో మన్ను తవ్వించకుంటే ఆ గుంతలోనే చచ్చుండేదానివి! బతికించినందుకా నా పరువు తీస్తన్నావు?"

మాట అయిపోయినాక గాని తను ఏమన్నాడో ఆయన చెవికి ఎక్కలేదు. తాసీల్దారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

మొహిద్దీన్ బాషా చేతిలో కాసు బల్ల మీద పెట్టి, చెక్కసుత్తి తీసుకున్నాడు. పాట పాడించే గొంతుతోనే మొదలుపెట్టినాడు.

"వెంకటసుబ్బయ్యగారి మాట! కుండ తీసింది మార్తమ్మ! ఒకటోసారి!"

"ఏందిది బాషా? ఇది వేలమా?" వెంకటసుబ్బయ్య బల్ల వైపు తిరిగినాడు. "నేనేదో కోపంలో…"

"కాదనేవాళ్ళెవరన్నా ఉన్నారా? రెండోసారి!" బాషా చూపు జనం మీదుగా పోయి అంకన్న మీద ఆగింది.

అంకన్న తలగుడ్డ తీసి చేతిలో నలుపుకున్నాడు. అయ్య వైపు చూసినాడు, పెట్టె వైపు చూసినాడు. ఇన్నేళ్ళూ పొద్దున్నే లేచి ఆ మనిషిని తిట్టిన నోరు అతనిది. "కాదనేదేముంది," అన్నాడు. "నేను ఆడనే ఉన్నా. ఆమె కాలి కిందనే దొరికింది. పేతురు ఆ దినం చేలోకే రాలేదు."

"మూడోసారి!" సుత్తి బల్ల మీద పడింది.

తాసీల్దారు చేసేదేముంది, వేలం ఆపినాడు. పేతురు మీద కేసు కూడా ఆయన ముందరిదే. గుమస్తాను పిలిచి కుండ తీసింది మార్తమ్మ అని రాయించినాడు, అంకన్న చేత వేలిముద్ర వేయించినాడు. పేతురును వదలమని జైలుకు మనిషిని పంపినాడు. కాసుల సంగతి ఇక కర్నూలు కలెక్టరు దొర తేల్చాల. వెంకటసుబ్బయ్య గోడ వారగా నడుచుకుంటా బండి కాడికి పోయినాడు. బండి తోలడానికి అంకన్న పోలేదు.

పోతా పోతా ప్లీడరు పెట్టె దగ్గర ఆగినాడు. "నీకు న్యాయం జరిగిందమ్మా. సంతోషం."

"నువ్వు ఇందాక నవ్వినావు," అన్నది మార్తమ్మ.

ప్లీడరు గొడుగు తెరుచుకోని వెళ్ళిపోయినాడు.

పేతురు బయటికొచ్చినాడు. జైల్లో తల గొరిగినారు, దవడలు పీక్కపోయినాయి. ఎండకు కళ్ళు చికిలించి చూస్తే, గచ్చులో కూరుకుపోయిన పెట్టె మీద పెండ్లాము. చుట్టూ పగిలిన బండలు. బాషా జరిగిందంతా చెప్పినాడు.

తాసీల్దారు కచేరీ మూయించే తొందరలో ఉన్నాడు. "ఏమయ్యా, నిన్ను వదిలినాం, ఆమె పేరు రాసినాం. ఇంకేం కావాల? ఇక శాంతపడి లెయ్యమని నీ పెండ్లానికి చెప్పు."

పేతురు మార్తమ్మ మొహం చూసినాడు. గట్ల మీద గడిచిన ఏళ్ళన్నీ ఆ మొహంలో ఉన్నాయి. ప్రేమకుమారి ఉంది.

"నేను చెప్పనయ్యా," అన్నాడు.

పోయి ఆమె పక్కన పగిలిన బండ మీద కూర్చున్నాడు.

"తగ్గిందా?" అన్నాడు పేతురు మెల్లగా.

"లేదు."

"తగ్గనీయొద్దు. నాకేం తొందర లేదు."

బంట్రోతు కచేరీ తలుపులు మూసి తాళం వేసినాడు. వాళ్ళిద్దరినీ తాకకుండా దూరంగా చుట్టి, మెట్లు దిగి పోయినాడు.